రెండు గదులకు ఏడు తలుపులు

మా అత్త పోయిందన్న కబురు నాకు బడిలో అందింది. మూడో తరగతి పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. మా ఆయన ఫోన్ చేసి, "అమ్మ బండి కాడ పడిపోయింది, నువ్వు రా," అన్నాడు. మాటల్లో లేనిది గొంతులో తెలిసిపోయింది. ఎర్రగుంట్లలో లారీలు ఆగే చోట ఆమె బొరుగుల ఉగ్గాని బండి ఉంది. నేను చేరేసరికి ఆమెను బల్ల మీద పడుకోబెట్టారు. బజ్జీల పిండి కలిపిన గిన్నె మీద మూత అట్లాగే ఉంది, పొయ్యి మాత్రం ఎవరో ఆర్పేశారు. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు. డ్రైవర్లు, క్లీనర్లు తువ్వాళ్లు చేతుల్లో నలుపుకుంటూ చుట్టూ నిలబడి ఉన్నారు.

కోడలు అత్తను మెచ్చుకుంటూ రాస్తే జనం ఓ మారు అనుమానంగా చూస్తారని నాకు తెలుసు. చూస్తే చూడనివ్వండి. నేను నలుగురిలో తలెత్తుకొని చెప్పుకునేవి రెండున్నాయి. నా పెళ్లి అప్పు లేకుండా జరిగింది. మా ఇల్లు అప్పు లేకుండా లేచింది. రెండూ ఒకే ఏడాది, ఒకే ఉగ్గాని బండి మీద నడిచాయి. ఆ ఘనతలో నాది, మా ఆయనది కలిపినా పావు వంతు కూడా లేదు.

ఆమె పుట్టింది ఆదోని వైపు. ఎర్రగుంట్లకు కాపురానికి వచ్చి ముప్పయ్యేళ్లు దాటినా డబ్బులను దుడ్లు అనే అనేది. మామ లారీ క్లీనరు. కొడుకు చిన్నగా ఉన్నప్పుడే ఆయన చనిపోయాడట, నేను చూడలేదు. తన పెళ్లికి పుట్టింటివాళ్లు చేసిన అప్పు, వాళ్లు తీర్చలేక చేతులెత్తేస్తే, ఈమె మెడకే చుట్టుకుంది. "నా పెండ్లిలో తిన్నోళ్లు చెయ్యి కడుక్కొని పోయినారు పాపా. నేను మాత్రం వీడు అయిదో తరగతికి వచ్చిందాకా ఆ అన్నానికి వడ్డీ కడతానే ఉంటి," అని ఒకసారి చెప్పింది. కోపంగా చెప్పలేదు, ఉల్లిగడ్డలు తరుగుతూ మామూలుగా చెప్పింది. కొడుకు పెళ్లికి రూపాయి అప్పు చేయనని ఆమె ఆనాడే అనుకొని ఉంటుంది.

ఆమె పొదుపు వింతగా ఉండేది. డబ్బు దాచేది కాదు. ఊరి చివర ప్రభుత్వం వాళ్లిచ్చిన పట్టా స్థలం ఒకటి ఉంది. శనివారం బండి కట్టేశాక సరుకులకు పోను మిగిలినదాంతో ఇటుకలు కొనేది. ఒక వారం ట్రాక్టరులో నాలుగో వంతు, ఒక వారం చేతిబండి నిండా, ఇంకో వారం అదీ ఉండదు. "దుడ్లు చేతిలో ఉంటే అడిగేదానికి చుట్టాలొస్తారు. ఇటికెలు ఎవురొచ్చి అడుగుతారు?" అనేది. బండికి స్కానర్ పెట్టాక ఆమెకు కొత్త బెంగ పట్టుకుంది. "ఫోన్ లోపల పడినాయంట. నాకు కనపడవు గానీ ఖర్చుకు మాత్రం బాగా కనపడతాయి," అని, వారం తిరిగేసరికి కొడుకు చేత ఆ డబ్బంతా ఇటుకల బట్టీవాడికి పంపించేసేది.

మా సంబంధం కుదిర్చింది ఆమె అన్న, మా ఆయనకు మేనమామ. డోన్ రైల్వేస్టేషను పక్కన సామాన్ల రవాణా వ్యాపారం చేస్తాడు. మేమూ డోన్‌లోనే ఉండేవాళ్లం. మా నాన్న లేడు, అమ్మ మిషను కుట్టేది, నేను ప్రైవేటు బడిలో చెప్పేదాన్ని. పిల్లవాడు సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మీద కరెంటు పని చేస్తాడు, కట్నం మాట లేదు, చర్చికి పోతాడు, సొంత ఇల్లుంది అని డోన్ మేనమామ చెప్పాడు. చివరి మాట ఒక్కటే అబద్ధం.

ప్రధానానికి ముందు అమ్మా నేనూ ఇల్లు చూడటానికి వచ్చాం. స్థలంలో పునాది ఉంది, మోకాలెత్తు గోడలున్నాయి, ఇటుకల కుప్ప ఉంది, దానికి ఆనించిన పాత తలుపు ఒకటి ఉంది. ప్రొద్దుటూరులో ఎవరో పాత ఇల్లు పడగొడుతుంటే బేరమాడి తెచ్చిన తలుపట. మా అత్త ఆ తలుపును చౌకట్టుతో సహా పునాది మీద నిలబెట్టించి, కొడుకును పట్టుకొమ్మని, రెక్క తెరిచి, "రా వదినా, లోపలికి రా," అని మా అమ్మను పిలిచింది. మా అమ్మ ఒకసారి ఆ మోకాలెత్తు గోడల వైపు చూసింది. చివరికి తల వంచి, ఆ చౌకట్టులోంచే లోపలికి పోయింది. రెక్క వెంటనే దానంతట అదే మూసుకుంది. మా అత్త ఒక ఇటుక తెచ్చి దానికి అడ్డం పెట్టి, "దీనికి ఈ బుద్ధి ఉండాది. ఇటికె పెడితే నిలుస్తాది," అంది. ఆ చౌకట్టు వెనక నిలబడి నవ్వు ఆపుకుంటున్న మనిషిని చూసి నేను సరేనన్నాను.

పెళ్లికి నెల ఉందనగా గోడలు తల దాటాయి గానీ కప్పుకు దారి కనపడలేదు. మా ఆయనకు గుబులు పుట్టింది. స్నేహితుడి ద్వారా ఫైనాన్సులో పనిచేసే కుర్రాడిని బండి దగ్గరికే పిలిపించాడు. పెళ్లి చీర ఎంచుకోవడానికని వచ్చి ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. కుర్రాడు బ్యాగులోంచి కాగితాలు తీశాడు.

"ఒక్క సంతకం అమ్మా. కప్పూ పడతాది, పెండ్లీ బాగా జరుగుతాది. అందరూ తీసుకుంటాండారు," అన్నాడు మా ఆయన.

"తీసుకుంటాండారు, నేను కాదన్నానా? అందరూ కడతాండారు కూడా గదా," అంది ఆమె. తర్వాత ఆ కుర్రాడి వైపు తిరిగి, ఉగ్గాని ప్లేటు నిండా పెట్టి, రెండు బజ్జీలు పైన వేసి ఇచ్చింది. "తిను నాయనా. నీ కాడ మేము తీసుకోము గానీ నా కాడ నువ్వు తిను. దుడ్లియ్యొద్దు."

కుర్రాడు బుద్ధిగా తిన్నాడు. తిన్నాక కాగితాలు బ్యాగులో పెట్టుకొని, నవ్వుకుంటూ పోయాడు. మా ఆయన మాత్రం రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు. కప్పు పడేదాకా పెళ్లి వాయిదా వేద్దామని నాతో ఫోన్‌లో అన్నాడు. ఆ ఆదివారమే మా అత్త చర్చికి పోయి, పెళ్లి ప్రకటన చదవమని పాస్టరు అయ్యగారికి చెప్పి వచ్చింది. సంఘమంతా వినగా మూడు ఆదివారాలు చదివేశాక ఇక వాయిదా మాట ఎవరెత్తుతారు?

పెళ్లి చర్చిలో. భోజనాలు కప్పులేని మా ఇంట్లో, పైన షామియానా కట్టి. కల్యాణ మండపం అద్దె మిగిలితే ఆ డబ్బు కప్పులోకి పోతుందని ఆమె లెక్క. మా అమ్మకు ఇది తలవంపుగా తోచింది.

"డోన్ నుంచి మా వాళ్లొస్తారు. కప్పు లేని ఇంట్లో అన్నం పెడితే ఏమనుకుంటారు వదినా?" అంది.

"కప్పుంటే పైకి ఎవురు చూస్తారు వదినా? ల్యాకుంటే అందరూ చూస్తారు. చూసినోళ్లు ఊరికే పోరు, ఏదో ఒకటి ఇస్తారు," అంది మా అత్త.

పిలుపులకు పోయినప్పుడు ప్రతి ఇంట్లోనూ ఆమె ఒకే మాట చెప్పింది. "స్టీలు గిన్నెలొద్దు. గోడ గడియారాలొద్దు. చదివింపులూ వద్దు. ఇంటికి కావాల్సింది ఏదన్నా ఒకటి తేండి." అంత తెలివైన మనిషి, ఆ 'ఏదన్నా' దగ్గర పప్పులో కాలేసింది. మావాళ్ల సంగతి తెలిసి కూడా మరిచిపోయింది. సిమెంటు మూట ఇస్తే గోడలో కలిసిపోతుంది, ఇచ్చినట్టు ఎవరికి తెలుస్తుంది? ఇసుక ఇస్తే అంతకన్నా కనపడదు. ఇచ్చింది పది కాలాలు కనపడాలి, వచ్చినవాళ్లు "ఇదెవరిచ్చినారు?" అని అడగాలి. ఆ లెక్కన ఇంట్లో అన్నిటికంటే ముందు కనపడేది ఏమిటి?

పెళ్లి రోజు పొద్దున మొదట డోన్ మేనమామ ట్రాలీ ఆటోలో టేకు తలుపు దింపించాడు. రెండు రెక్కలు, వాటి మీద చెక్కిన ద్రాక్షగుత్తులు. అందరూ ఆహా అన్నారు. గంటకు మా అమ్మ తరఫువాళ్లు వేప తలుపు తెచ్చారు. నాకు చెప్పకుండా, తన పాత మిషను అమ్మి మా అమ్మ చేయించిందట. పరవాలేదు, రెండో గదికి పనికొస్తుందన్నారు. తర్వాత బండి పక్కన పంక్చర్లు వేసే అన్న ఆకుపచ్చ రంగు వేసిన రేకు తలుపు భుజాన మోసుకొచ్చాడు. ఫ్యాక్టరీలో మా ఆయన తోటివాళ్లు ఒకటి. చర్చి స్త్రీల సమాజం వాళ్లు ఒకటి. మైకులో పేర్లు చదివే పెద్దమనిషి నాలుగో తలుపు దాకా గంభీరంగానే చదివాడు, ఐదోదానికి నవ్వు ఆపుకోలేక మైకు పక్కవాడికిచ్చాడు. మా బడి టీచర్లు, కొత్తగా ఆలోచించామన్న ధీమాతో, బాత్రూముకు ప్లాస్టిక్ తలుపు తెచ్చారు. కిటికీ ఒక్కరూ తేలేదు. అన్నాలు వడ్డించే వేళకు ఫైనాన్సు కుర్రాడు వచ్చి, కాగితం పొట్లం మా అత్త చేతిలో పెట్టాడు. విప్పితే ఇత్తడి గడియలు. ఆ రోజు వచ్చిన బహుమతుల్లో తలుపు కానిది, అన్ని తలుపులకూ పనికొచ్చేది అదొక్కటే.

మరుసటి వారం మేస్త్రీ వచ్చి తలుపులన్నీ చూసి తల పట్టుకున్నాడు. ఆమె కొన్నదాంతో కలిపి ఏడు.

"అక్కా, రెండు గదులకు ఏడు తలుపులా? ఇది ఇల్లా, బస్టాండా? మూడు పెట్టి మిగతావి అమ్మెయ్యి. కప్పుకు డబ్బులొస్తాయి."

"ఇచ్చినోళ్లు రేపు ఇంటికొచ్చి నా తలుపు యాడ అని అడిగితే ఏం చెప్పాలప్పా? అన్నీ పెట్టు. కిటికీలు పెట్టే చోట తలుపులు పెట్టు. అది తలుపో కిటికీనో గాలికేం తెలుసు?"

కప్పు కోసం మేము ఇంకో మూడు నెలలు ఆమె అద్దె గదిలోనే ముగ్గురం సర్దుకున్నాం. మండపం అద్దె మిగిలింది, మా ఆయన ఓవర్‌టైము చేశాడు, నా జీతం అట్లాగే పోయింది. బండి దగ్గర తినే లారీవాళ్లు ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు దారిలో నాపరాళ్లు ఎక్కించుకొచ్చి దించి పోయారు, నేల మొత్తం వాటితోనే పరిచాం. స్లాబు వేసిన రోజు ఆమె కింద నిలబడి, షామియానా ఉండిన చోట సిమెంటును చాలాసేపు చూసింది. "ఇంగ పైకి చూసేదానికేమీ ల్యాదు," అంది. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను మళ్లీ చూడలేదు.

ఇట్లా తలుపులెక్కువైన ఇంట్లో మా కాపురం మొదలైంది. ముందు గదికే మూడు. వచ్చినవాళ్లు ఏ తలుపులోంచి వస్తారో తెలిసేది కాదు. ఎవరి తలుపులోంచి వాళ్లే వచ్చేవాళ్లు. డోన్ మేనమామ వచ్చాడంటే ముందు ద్రాక్షగుత్తులను తువ్వాలుతో తుడిచి, తర్వాత చెల్లెలిని పలకరించేవాడు. వంటింట్లో కిటికీ ఉండాల్సిన చోట ఆమె కొన్న పాత తలుపు పెట్టారు. దాన్ని తెరిస్తే బయట మెట్టు లేదు, నడుమెత్తు గుంత. సాయంత్రాలు ఆమె ఆ గడప మీద కూర్చొని, కాళ్లు బయటికి వేలాడేసి చెనిక్కాయలు వలిచేది. తలుపు మూసుకొచ్చి వీపును తట్టేది. తిట్టుకుంటూ చెయ్యి చాచి ఇటుక జరిపేది.

నన్ను ఎప్పుడూ పాపా అనేది. ఏడేళ్లలో నాతో గొడవ పడలేదని చెప్పను. నేను చీర కొంటే ఆమె దాన్ని ఇటుకల్లో లెక్కేసి చెప్పేది, నాకు ఒళ్లు మండేది. కానీ నేను బీఈడీ చదువుతానన్నప్పుడు ఆ ఏడాదంతా ఇటుకల మాట ఎత్తలేదు. ఫీజు కట్టే రోజు పొద్దున్నే డబ్బు నా బ్యాగులో ఉంది.

పెళ్లయిన మూడో ఏట, చర్చి ఊడ్చే దంపతుల కూతురికి సంబంధం కుదిరింది. ఆ పిల్లా, ఆమెకు కాబోయేవాడూ మా అత్త దగ్గరికి వచ్చి, ఇల్లు ఎట్లా మొదలుపెట్టాలని అడిగారు. ఆమె వాళ్లకు ఇటుకల బట్టీ చూపించింది. శనివారం తప్పొద్దంది. గోడలు లేచాక పోయి చూసింది, వచ్చి మేస్త్రీని పిలిచి, వంటింటి తలుపు పీకమంది.

"నీది నువ్వు కొనుక్కున్నది గదా అత్తా. దాన్నే ఎందుకు?" అన్నాను.

"నాదైతే ఎవురినీ అడగపన్లేదు," అంది. ఖాళీ అయిన చోట ఇటుకలు పెట్టించి, ఒక చిన్న కిటికీ వదిలించింది. ఆ పెళ్లీ అప్పు లేకుండానే అయింది.

తర్వాత అది అలవాటైపోయింది. చర్చిలోనో వీధిలోనో ఎవరైనా పెళ్లికీ ఇంటికీ ఒకేసారి తంటాలు పడుతున్నారంటే ఆమె కళ్లు మా ఇంటి తలుపుల మీదికి పోయేవి. ఇచ్చినవాళ్లను అడగకుండా మాత్రం ఏదీ కదిలించలేదు. మా అమ్మకు ఫోన్ చేసింది నాకు బాగా గుర్తు. "వదినా, నీ తలుపు మా ఇంట్లో శానా మర్యాదగా ఉండింది. ఇప్పుడు ఈడ ఇంకో ఇంటికి కాపురానికి పోతానంటాంది. పంపిద్దామా?" అటు మా అమ్మ ఎంతసేపు నవ్విందో, తర్వాత ఎంతసేపు ఏడ్చిందో నాకు తెలుసు. పంపించమంది. పంక్చర్ల అన్న తన రేకు తలుపును తనే విప్పి మోసుకుపోయాడు. డోన్ మేనమామ ఒక్కడే మొండికేశాడు. "నా తలుపు జోలికి రావద్దు," అని పండక్కి వచ్చినప్పుడల్లా ముందే చెప్పేవాడు. "ఎవురడిగినారప్పా నిన్ను? ముందు కాఫీ తాగు," అనేది ఆమె.

చివరికి మా ఇంటికి రెండే మిగిలాయి, ముందు టేకు తలుపు, వెనక బాత్రూముది. గోడల మీద తలుపులుండిన చోట్లు తెలుస్తాయి, అక్కడి పూత రంగు వేరు. ఒకసారి నేను అంతా కలిపి రంగు వేయిద్దామన్నాను. "ఉండనీ పాపా. ఏది యాడికి పోయిందో తెలుస్తాంటుంది," అంది. మా ఇంటికి మొదటిసారి వచ్చినవాళ్లు ఆ మచ్చలేంటని అడుగుతారు. నేను కాఫీ పెట్టి మొదటి నుంచీ చెబుతాను. చెప్పడం నాకెప్పుడూ విసుగనిపించలేదు.

మట్టి చేసిన రోజు ఆమె పెట్టెను ద్రాక్షగుత్తుల తలుపులోంచి బయటికి తెచ్చాం. డోన్ మేనమామ రెండు రెక్కలనూ తనే తెరిచి పట్టుకున్నాడు. చర్చిలో ప్రార్థన అయ్యాక సమాధుల తోట వైపు నడిచాం. మా ఊర్లో శవం పోతుంటే వీధిలోవాళ్లు తలుపులు దగ్గరికి వేసుకుంటారు. మావాళ్లయినా, హిందువులైనా, సాయిబులైనా అంతే, ఎవరూ నేర్పకుండానే వచ్చిన అలవాటు. ఆ రోజూ ఒక్కో ఇంటి ముందు మేము వస్తుంటే తలుపులు దగ్గరికి పడుతున్నాయి.

ఒక ఇంటి ముందు ఆకుపచ్చ రేకు తలుపు బార్లా తెరిచి ఉంది. ఇంటివాళ్లంతా గడపలో నిలబడి ఉన్నారు. కొంచెం ముందుకు పోతే మా అమ్మ వేప తలుపు, అదీ తెరిచే ఉంది. నా పక్కన నడుస్తున్న మా అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. డోన్ మేనమామ ఆగిపోయాడు.

"పాపా, నా తలుపు ఎవురికియ్యాలంటుండె మీ అత్త?" అని నన్ను అడిగాడు.

"మన వీధి టైలరు కూతురికి. గోడలు లేస్తాండాయి. నిన్నెట్లా అడగాలా అని చూస్తా ఉండె," అన్నాను.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "పీకేటప్పుడు నన్ను పిలువు. మెల్లగా పీకాల," అన్నాడు.

సమాధుల తోటకు తిరిగే మలుపులో చర్చి ఊడ్చే దంపతుల కూతురి ఇల్లు. మా వంటింటి పాత తలుపు ఇప్పుడు ఆ ఇంటికి ముందు తలుపు. దాని బుద్ధి ఇంకా మారలేదు, దానంతట అదే మూసుకొస్తోంది. ఆ పిల్ల చంకలో బిడ్డనెత్తుకొని, రెక్కకు కాలు అడ్డం పెట్టి నిలబడి ఉంది. బిడ్డ ఏడుస్తోంది, లోపల పొయ్యి మీద ఏదో మాడుతున్న వాసన వస్తోంది. పెట్టె మలుపు తిరిగి, వెనక నడిచే చివరి మనిషి కూడా దాటిపోయేదాకా ఆ పిల్ల కాలు తీయలేదు.